ఆఫ్రాను అడగని సంవత్సరం

శనివారం మధ్యాహ్నం భోజనాలు ముగిసి ఆఖరి బేరం కూడా గడప దాటాక, ఆఫ్రా నాలుగో బల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, బీరు మగ్గుల అడుగున వేసే అట్టబిళ్ళ ఒకదాన్ని రెండు మడతలు పెట్టి, కుంటుతున్న బల్లకాలి కింద దోపింది. అరచెయ్యి బల్ల మీద ఆన్చి అటూ ఇటూ ఊపి చూసింది. కదల్లేదు. బల్ల అంచు పట్టుకుని లేస్తూ ఎప్పటిలాగే "అమ్మో, నా మోకాళ్ళు" అనుకుంది. నడుముకు కట్టుకున్న ఏప్రన్ విప్పి తలుపు వెనక మేకుకి తగిలించింది. "వస్తానండీ చిన్నయ్యగారూ" అని చెప్పి వంటింటి దారిన వెళ్ళిపోయింది.

బీరు పీపాల దగ్గర గ్లాసులు తుడుస్తున్న యజమాని క్విరిన్ తలెత్తి "ఆఁ" అన్నాడు. అనవలసినదంతా సోమవారానికి దాచుకున్నాడు.

ఆ తర్వాత ఆమెను అతను ప్రాణంతో చూడలేదు.

జర్మనీలోని లాండ్స్‌హూట్‌లో పెద్ద చర్చి గోపురం నీడ పడే సందులో ఉంది గ్లోకెన్‌విర్ట్ అనే ఆ పూటకూళ్ళిల్లు. ఐదు వందల ఏళ్ళ ఇల్లు. అందులో తిన్నగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. గుమ్మం దగ్గర బంగాళాదుంప జారిపడితే, దానంతట అదే దొర్లుకుంటూ పచ్చ పలకల పొయ్యి దాకా వెళ్ళి ఆగుతుంది. మెట్లు మధ్యలో అరిగి గరిటెల్లా గుంటలు పడ్డాయి. పాత కట్టడం కాబట్టి మేకు కొట్టాలన్నా పురావస్తువుల వాళ్ళ కాగితం కావాలి. వంకర నేల మీద ఏ బల్లా నాలుగు కాళ్ళ మీద నిలబడదు. ఏ బల్లకి ఎన్ని మడతల అట్ట కావాలో ఆఫ్రాకి కంఠతా వచ్చు. ఆరో బల్లకి ఒకటి, రెండో బల్లకి వానాకాలంలో ఒకటిన్నర, ఎండాకాలంలో రెండు.

ఆమె ఆ ఇంట్లో అడుగుపెట్టింది పందొమ్మిదో ఏట, ఫిబ్రవరి రెండో తేదీన, కొవ్వొత్తుల పండుగ నాడు. తండ్రికి హాలర్‌టౌ వైపు బీరులో చేదు కోసం వేసే హాప్స్ తోటలు. హాప్స్ తీగెల కింద పెరిగిన పిల్ల కావడంతో ఆమె చేతుల మీద గరుకు గీతలుండేవి. చెక్కపెట్టె ఒకటి తెచ్చుకుంది. క్విరిన్ అప్పటికి ఇరవై ఏడేళ్ళవాడు. పెట్టె లోపలికి మోసింది అతనే. "లోపల రాళ్ళున్నాయా ఏంటి?" అని అడిగితే, "ఉన్నాయండీ, మా నాన్న పొలంలోవి. ఇక్కడ పండిస్తానని తెచ్చా" అని మొహం చిట్లించకుండా చెప్పింది. ఆ జవాబు విని అతని తండ్రి, అంటే పెద్దయ్యగారు, పొట్ట పట్టుకుని నవ్వాడు. పనిలో పెట్టుకోవడం ఆ నవ్వుతోనే ఖాయమైపోయింది.

ఆ రోజునే రావడంలో అర్థముంది. ఆ ప్రాంతంలో పూర్వం పాలేళ్ళూ పనికత్తెలూ కొవ్వొత్తుల పండుగ నాడే ఇల్లు మారేవారు. ఏడాది పని అక్కడితో చెల్లు. ఆ రోజు యజమాని వచ్చి "ఉంటావా?" అని అడిగితే మరో ఏడాది ఉండమని. అడగకపోతే పెట్టె సర్దుకోమని. పొమ్మని నోటితో అనేవారు కాదు, అననక్కర్లేదు. పాలేళ్ళ కాలం పోయినా పెద్దయ్యగారికి ఆ ఆచారం మీద ముచ్చట పోలేదు. మొదటి ఏడు పూర్తయిన రోజున, చర్చిలో పన్నెండు గంటలు కొడుతుండగా, అందరి ముందూ తల మీద టోపీ తీసి "ఆఫ్రా, ఉంటావా?" అని అడిగాడు. "నా రాళ్ళు ఇంకా మొలకెత్తలేదు, ఉంటా" అందామె. ఆయన చర్చిలో దీవెన చేయించి తెచ్చిన మైనపు వత్తి చుట్టను చేతిలో పెట్టాడు. ఏడాది పొడుగునా పక్కలు పరిచి, కంచాలు ఎత్తిన ఆడమనిషికి ఆ ఊళ్ళో ఇచ్చే మర్యాద అది.

పెద్దయ్యగారు పోయాక ఆ ప్రశ్న క్విరిన్‌కి వచ్చింది, ఇంటి తాళాలతో పాటు. అతను ఏ ఏడూ తప్పలేదు. ఆమె జవాబు వినడానికి ఆ మధ్యాహ్నం పేటలోని జనం పనులు మానుకుని వచ్చేవారు. "కాళ్ళను అడిగి చెప్తాను" అంది ఒక ఏడు. "పెట్టె తాళం పోయింది, అది దొరికేదాకా ఉంటా" అంది మరో ఏడు. పొగగొట్టాలు దులిపే ఎమ్మెరామ్ ముక్కు చీదిన గుడ్డను బల్ల మీద పెట్టడం మానితే ఉంటానంది ఇంకో ఏడు. ఎమ్మెరామ్ మానలేదు, ఆమె ఉండిపోయింది.

క్విరిన్ భార్య ఇర్మా జనవరి చివర్లో పోయిన ఏడు, అతను మేడ దిగడనే అందరూ అనుకున్నారు. పన్నెండు గంటలు కొట్టడం మొదలయ్యాక దిగాడు. నల్లకోటు వేసుకుని, గడ్డం పెరిగి ఉన్నాడు. గొంతు పూర్తిగా రాలేదు. "ఉంటావా?" అన్నది ఎవరికీ వినబడలేదు, పెదవులు కదలడం చూశారంతే. ఆ ఒక్క ఏడూ ఆఫ్రా హాస్యమాడలేదు. "ఉంటానండీ చిన్నయ్యగారూ. ముందు మీరు చారు తాగండి" అని కుర్చీ లాగింది.

అది పదకొండేళ్ళ కిందటి మాట.

చిన్నయ్యగారూ అనే పిలుపు ఆమె చివరిదాకా మానలేదు. అతనికి జుట్టు రాలి, నడుము వంగి, అరవై అయిదు నిండినా అదే పిలుపు. పేరు పెట్టి పిలవమని, నువ్వు అనమని క్విరిన్ ఒకసారి చెప్పి చూశాడు. పళ్ళాలు మోసే చేతులతో నువ్వు అనడం తనకు కుదరదంది. ఎమ్మెరామ్ దాన్ని పట్టుకుని ఏడాదంతా ఏడిపించాడు. "ఒరే చిన్నయ్యా, నీ కట్టుడుపళ్ళు బల్ల మీద మర్చిపోయావురా" అనేవాడు.

పొయ్యి పక్కనున్న గుండ్రటి పెద్దబల్ల పాతకాపులది. దాని దగ్గర ఇంకొకరు కూర్చోకూడదు. ఒక వేసవిలో ఎక్కడినుంచో వచ్చిన పెద్దమనిషి, వెంట పదిమందిని వేసుకుని, ఖాళీగా ఉందిగా అని అక్కడ కూర్చోబోయాడు. తనెవరో చెప్పాడు. గొంతు పెంచాడు. ఆఫ్రా చేతిలోని ఎనిమిది మగ్గులూ దింపకుండా అంతా విని, "అయ్యా, ఇది రేపు కూడా వచ్చేవాళ్ళ బల్ల" అంది. పెద్దమనిషి వెళ్ళి నాలుగో బల్ల దగ్గర కూర్చుని, దుంపల ఉండల్ని కత్తితో కోసుకుని తిన్నాడు. ఆ ఊళ్ళో వాటిని ఫోర్కుతో చీల్చుకుని తినాలి. కత్తి పెడితే, ఉండ గట్టిపడిందని వండిన చేతిని తిట్టినట్టు. ఆఫ్రా వెళ్ళి అతని కంచం పక్కన ఇంకో కత్తి పెట్టి, ఇది కొంచెం పదునుగా ఉంటుందని చెప్పి వచ్చింది.

ఆమె ఏదీ రాసుకునేది కాదు. ఇరవై బల్లలకి ఎవరు ఏం అడిగారో తల్లోనే ఉండేది. కాల్చిన పందిమాంసంలో కరకరలాడే చివరిముక్క గడియారాల గాల్లస్‌కి వెళ్ళాలి, ఎందుకంటే అతని పెళ్ళాం ఇంట్లో అతనికి చర్మం తిననివ్వదు. కొత్తగా మొగుడు పోయిన మనిషి ఒంటరిగా వస్తే, పొయ్యికి వీపు ఆనేలా, తలుపుకి ఎదురుగా కాకుండా కూర్చోబెట్టాలి. లోపలికి వచ్చే ప్రతి మగవాడి మొహాన్నీ చూడకుండా ఉండాలని. ఈ సంగతి ఆమె ఎవరికీ చెప్పలేదు. పదేళ్ళ తర్వాత క్విరిన్ తానుగా గమనించాడు.

పెళ్ళి చేసుకోలేదు. హాప్స్ లారీ తోలేవాడితో ఒకప్పుడు మాట అయింది, తప్పిపోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే, అతను కూర్చుని తినేటప్పుడు తాను నిలబడలేననిపించిందని చెప్పేది. అదేంటి, రోజంతా నిలబడే ఉంటావుగా అంటే, అది పని అనేది. నది అవతల ఒక ముసలావిడ ఇంట్లో రెండు గదులు అద్దెకు తీసుకుంది. మధ్యాహ్నం రెండున్నర నుంచి అయిదు దాకా పూటకూళ్ళిల్లు మూసి ఉంటుంది. అప్పుడు వంతెన దాటి ఇంటికి పోయి, వేడినీళ్ళ బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చుని, మళ్ళీ వచ్చేది. చలికాలం శనివారాలు మాత్రం సాయంత్రం ఇంకో మనిషి వడ్డించేది.

క్విరిన్‌కి ఎప్పుడు తట్టిందో అతనికే తెలియదు. ఒక రోజున తట్టిన సంగతి కాదు. కిందటి శరదృతువులో ఆమెకు జలుబు చేసి మూడు రోజులు రాలేదు. ఆ మూడు రోజులూ అతను కిందికి దిగుతూనే వంటింటి తలుపు వెనక మేకు వైపు చూశాడు. నాలుగో రోజు అక్కడ ఆమె కోటు కనబడితే, మెట్ల మీదే ఆగి రైలింగు పట్టుకోవాల్సి వచ్చింది. నాకు గుండెజబ్బేదో మొదలైందనుకున్నాడు. వైద్యుడు చూసి, గుండెకేమీ లేదు, ఇంకో ముప్పై ఏళ్ళు పీపాలు దొర్లించొచ్చన్నాడు. దారిలో ఆలోచించుకుంటూ వచ్చాడు. ఇంటికొచ్చేసరికి తేలిపోయింది.

క్రిస్మస్ ముందు వెళ్ళి ఉంగరం తెచ్చాడు. అంతకుముందే గాల్లస్ చేత వేలి కొలత తీయించాడు. గడియారానికి కొత్త పట్టీ వేస్తానని ఆఫ్రా మణికట్టు కొలుస్తూ, పనిలో పనిగా వేలు కూడా కొలిచాడు గాల్లస్. ఆ రహస్యం తెలిసినవాడు అతనొక్కడే. ఎమ్మెరామ్‌కి చెప్పలేదు. ఎమ్మెరామ్‌కి చెప్పడం, చర్చి గంట కొట్టడం ఒకటే.

అడగడానికి సోమవారం పెట్టుకున్నాడు. సోమవారం పూటకూళ్ళింటికి సెలవు. ఆ రోజైతే ఆమెకు ఏప్రన్ ఉండదు, తనకు టోపీ ఉండదు. నది ఒడ్డున నడుస్తూ అడగొచ్చు. ఆ సోమవారానికి మూడు రోజుల ముందు, శుక్రవారం నాడు పడింది కొవ్వొత్తుల పండుగ.

దాని గురించి క్విరిన్ వారం రోజులు ఆలోచించాడు. ఉంటావా అన్నది యజమాని పనిమనిషిని అడిగే మాట. శుక్రవారం అలా అడిగి, సోమవారం ఇలా అడిగితే, రెండోది కూడా మొదటి దాని తోకలా ఉంటుంది. జీతానికి కుదుర్చుకున్న మనిషిని మూడు రోజులకే పెళ్ళి అడిగినట్టుంటుంది. ముప్పై ఎనిమిదేళ్ళుగా ఆమె అతని ముందు నిలబడే జవాబు చెప్పింది. ఈసారి కూర్చుని చెప్పాలి. అందుకని ఈ ఏడు ఆ ప్రశ్న అడగకూడదని నిర్ణయించుకున్నాడు. ఎందుకు అడగలేదో అని మూడు రోజులు ఆశ్చర్యపోతుంది, సోమవారం తెలిసి ఇంకా సంతోషిస్తుంది అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడు తనలో తనే నవ్వుకున్నాడు కూడా.

శుక్రవారం మధ్యాహ్నం గది నిండిపోయింది. జవాబు ఏమై ఉంటుందా అని పాతకాపుల బల్ల దగ్గర పందేలు నడిచాయి. ఈసారి మోకాళ్ళ మీద జోకు వేస్తుందని ఎమ్మెరామ్, కాదు గాల్లస్ వేసిన గడియారం పట్టీ మీద వేస్తుందని మిగతావాళ్ళు. పన్నెండు గంటలు మొదలయ్యాయి. అందరూ చేతిలోది ఆపి వంటింటి గుమ్మం వైపు తిరిగారు. క్విరిన్ అక్కడే ఉన్నాడు, మాంసం కోస్తూ. గంటలు పన్నెండూ కొట్టి ఆగిపోయాయి. అతను కోస్తూనే ఉన్నాడు.

"ఒరే క్విరిన్, ఇవాళ తారీఖెంతరా?" అన్నాడు ఎమ్మెరామ్.

"రెండు."

"మరేంటి, ఏదో మర్చిపోయినట్టున్నావు?"

"మర్చిపోలేదు" అన్నాడు క్విరిన్. గాల్లస్ వైపు చూసి కొంచెం నవ్వాడు. గాల్లస్ మగ్గులోకి చూస్తూ ఉండిపోయాడు.

ఆఫ్రా అప్పుడు పీపాల దగ్గర, రెండు చేతుల్లోనూ నాలుగేసి మగ్గులు పట్టుకుని ఉంది. ఆ మాట ఆమె వింది. వినే దూరంలోనే ఉంది. నడిచొచ్చి, చుక్క ఒలక్కుండా మగ్గులన్నీ గుండ్రటి బల్ల మీద దించింది.

"ఎవరికి ఏది?" అని అడిగింది.

ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ బల్ల దగ్గర ఆమె ఆ ప్రశ్న అడగలేదు. ఆఫ్రాకీ వయసొచ్చిందర్రా అని ఎవరో అన్నారు. బల్లంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. క్విరిన్ మాంసం పలకల మీంచి ఆ నవ్వు చూసి, కనిపెట్టేసిందేమో అనుకుని లోలోపల సంబరపడ్డాడు.

రెండున్నరకి తలుపులు వేశాక పైకి వెళ్ళాడు. అతని గది మెట్లకు సరిగ్గా పైన. కిటికీ నుంచి బీరువా దాకా, బీరువా నుంచి కిటికీ దాకా నడుస్తూ, సోమవారం మాటలు కూర్చుకున్నాడు. "ఆఫ్రా, మనిద్దరం పెద్దవాళ్ళమయ్యాం" అని మొదలుపెడితే చావు కబురులా వినబడింది. "ఆఫ్రా, నీకు అభ్యంతరం లేకపోతే" అంటే బ్యాంకువాడి ఉత్తరంలా ఉంది. మాట కుదిరిందనిపిస్తే ఆగేవాడు. ఆగి మరోసారి పైకి అనుకుని, నచ్చక, మళ్ళీ నడిచేవాడు. అలా గంటకు పైగా నడిచాడు. చివరికి కుదిరింది ఒక్కటే. "ఆఫ్రా, ఇక కూర్చో." తర్వాతి మాటలు అప్పటికి అవే వస్తాయిలెమ్మనుకున్నాడు.

శనివారం ఆమె ఎప్పటిలాగే వచ్చింది, ఎప్పటిలాగే చేసింది. అతను వెతికినా తేడా ఏమీ దొరికేది కాదు. వెతకలేదు కూడా.

ఆదివారం తొమ్మిదింటికి రావలసిన మనిషి తొమ్మిదిన్నర దాకా రాలేదు. రాత్రి కురిసిన మంచు గడ్డకట్టింది కదా, మెల్లగా నడుస్తోందేమో అనుకున్నాడు. పది అయ్యేసరికి పూజ ముగించుకుని జనం వచ్చి కూర్చున్నారు. క్విరిన్ పీపా తెరిచింది తెరిచినట్టే వదిలి, ఇంట్లో వేసుకునే జోళ్ళతోనే వంతెన దాటాడు. ఇంటి ముసలావిడ తలుపు తీసి, ఇంకా దిగలేదే, పడుకుందేమో అంది.

పడుకోలేదు. పనిబట్టలు వేసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఒక కాలికి జోడు వేసి లేసు కట్టింది. రెండోది చేతిలో ఉంది. తల్లో నరం చిట్లిందని, తెల్లవారాక జరిగిందని, ఆమెకు తెలిసి ఉండదని వైద్యుడు చెప్పాడు. క్విరిన్ ఆ జోడును చేతిలోంచి తీసుకుని, కాలికి తొడిగి, లేసు కట్టాడు. వైద్యుడు వారించలేదు. మంచం కింది నుంచి చెక్కపెట్టె ఒకటి గది మధ్యకు లాగి, మూత తెరిచి ఉంది. వసంతం రాకముందే దులుపుకుంటోంది కాబోలనుకున్నాడు.

గురువారం నాడు ఖననం. ఆ తర్వాతి భోజనం గ్లోకెన్‌విర్ట్‌లో కాక ఎక్కడ? లివరు ఉండల చారు, ఉడికించిన గొడ్డుమాంసం, దాని పక్కన ఘాటు ముల్లంగి తురుము. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆ పేటలో పోయినవాళ్ళందరి భోజనాలకీ ఆ చారు మోసింది ఆఫ్రాయే. ఇవాళ ఎవరు మోస్తారని ఎవరూ అడగలేదు. వంటవాడు గిన్నె నింపాడు, క్విరిన్ ఎత్తుకున్నాడు. ఏ బల్లకి ముందు పెట్టాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయాడు.

ఆఫ్రా అక్క తెక్లా ఊరి నుంచి వచ్చింది. డెబ్భై దగ్గరపడ్డ మనిషి, గట్టి గొంతు, చెల్లెలి కళ్ళే. ఆమెను పొయ్యి దగ్గర, తలుపుకి వీపు పెట్టి కూర్చోబెట్టారు.

"ఇంత మర్యాద ఎందుకులే" అంది ఆమె, క్విరిన్ గిన్నె దించుతుంటే. "పనిలోంచి తీసేసిన మనిషికి ఇంత భోజనం పెట్టక్కర్లేదు."

క్విరిన్‌కి అర్థం కాలేదు. తీసేయడమేంటని అడిగాడు.

"శుక్రవారం సాయంత్రం ఫోను చేసింది. మా మేడ మీద గది ఖాళీగా ఉందా అక్కా అంది. ఎందుకే అంటే, చిన్నయ్యగారు ఈ ఏడు అడగలేదు అంది. మర్చిపోయుంటాడే పిచ్చిదానా, మగవాళ్ళకి తారీఖులు గుర్తుంటాయా అన్నాను. మర్చిపోలేదట, ఆయన నోటితోనే చెప్పాడు, అందరూ విన్నారు అంది. నెలాఖరు దాకా చేసి వస్తానంది. ఈ వయసులో కొత్త చోటు ఎవరిస్తారు అంటే, కాళ్ళు నొప్పెడుతున్నాయిలే, ఇక చాలు అంది. మీ గురించి ఒక్క చెడ్డ మాట అనలేదు. నేనే అన్నాను."

గిన్నె ఇంకా అతని చేతుల్లోనే ఉంది. బల్ల మీద ఆనింది కానీ అతను వదల్లేదు.

"సోమవారం అడుగుదామనుకున్నాను" అన్నాడు.

"శుక్రవారం అడగాల్సినదాన్ని సోమవారం అడగడమేంటి?"

"అది కాదు. పెళ్ళి చేసుకుంటావా అని."

పక్క బల్ల దగ్గర మాటలు ఆగిపోయాయి.

"ఈ మాట నాకెందుకు చెప్తున్నారు?" అంది తెక్లా. "నేనేం చేసుకోను దీన్ని?" తర్వాత గరిట అందుకుని, తన పళ్ళెంలో తనే చారు పోసుకుంది. "అవతలివాళ్ళు కూర్చుని ఉన్నారు. వడ్డించండి."

అతను వడ్డించాడు. గది చివరిదాకా, ఇరవై బల్లలకీ వడ్డించాడు. గాల్లస్ కంచంలో మాంసం పెడుతుంటే, గాల్లస్ అతని చెయ్యి పట్టుకుని, నేనైనా ఆ రోజు చెవిలో చెప్పాల్సిందిరా అన్నాడు. ఎమ్మెరామ్ తినలేదు. తారీఖు అడిగింది నేను, నోరు మూసుకుని ఉంటే పోయేది అని, ముక్కు గుడ్డతో మొహం కప్పుకుని, ఎనభై ఏళ్ళ మనిషి అందరి ముందూ ఏడ్చాడు. క్విరిన్ అతన్ని ఊరడించలేదు. నీ తప్పు కాదని అనడానికి నోరు తెరిచాడు. ఆ తర్వాత రావలసిన మాట ఏదో తెలిసి, మూసుకున్నాడు.

ఉంగరాన్ని ఏం చేశాడో ఎవరికీ తెలియదు. తెక్లాకి ఇవ్వబోతే తీసుకోలేదని ఒక మాట ఉంది. పూటకూళ్ళిల్లు మాత్రం మూయలేదు. మూస్తే ఆ పేటవాళ్ళు ఎక్కడికి పోతారు? వారానికి ఇద్దరు చొప్పున కొత్తవాళ్ళు వచ్చి చూసి పోయారు. మెట్ల గుంటలు చూసి ఒకామె, ఇరవై బల్లలు చూసి ఇంకొకామె. మార్చిలో దొరికిన మనిషి మంచిదే. చిన్న యంత్రంలో నొక్కి రాసుకుంటుంది, తప్పులు రావు. మొగుడు పోయిన బేకరీ ఆవిడ మొదటిసారి ఒంటరిగా వచ్చినప్పుడు, ఆమె తలుపు ఎదుటి బల్ల చూపించింది. క్విరిన్ తనే వెళ్ళి, అమ్మా, ఇటు రండి, ఇక్కడ వెచ్చగా ఉంటుందని లేవదీసి తీసుకొచ్చాడు. ఎందుకు మార్చాడని కొత్తామె అడిగితే, అలా చేస్తామిక్కడ అన్నాడు.

అతనికి నిద్ర పట్టడం ఆలస్యమయ్యేది కాదు, మధ్యాహ్నాలే కష్టంగా ఉండేవి. రెండున్నర తర్వాత గదికి వెళ్ళడం మానేశాడు. వంటింట్లోనే కూర్చుని దుంపలు చెక్కేవాడు. అవసరానికి మించి చెక్కేవాడు, వంటవాడు ఏమీ అనేవాడు కాదు. తెక్లా చెప్పిన మాటల్ని ముందుకీ వెనక్కీ తిప్పుకుంటూ, ఒక్క సందు వెతుక్కునేవాడు. శుక్రవారం పన్నెండింటికి విన్న మాట. సాయంత్రం అక్కకి ఫోను. మధ్యలో ఇంటికి పోయి, వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, మనసు రాయి చేసుకుని ఉంటుంది. ఒక్క మధ్యాహ్నంలో ముప్పై ఎనిమిదేళ్ళు తెంచుకోగలిగిందంటే, బహుశా ఆమెకు తన మీద అంత మనసు లేదేమో. సోమవారం అడిగినా నవ్వేసి ఉండేదేమో. అలా అనుకున్న రోజున కొంచెం తిండి లోపలికి పోయేది. ఆ ఊహ మీదే అతను వసంతం గడిపాడు.

గిన్నెలు కడిగే లుబిత్సా మే నెలలో తిరిగొచ్చింది. బోస్నియాలో తల్లికి బాగాలేదని ఆ ఫిబ్రవరి మూడో తేదీ తెల్లవారుజామున బస్సెక్కిన మనిషి, తల్లిని సాగనంపి వచ్చింది. ఆఫ్రా పోయిన కబురు ఆమెకు అక్కడికే అందింది. వచ్చిన రోజు మధ్యాహ్నం క్విరిన్‌కి ఎదురుగా కూర్చుని తనూ ఒక కత్తి తీసుకుని దుంపలు చెక్కసాగింది. తల్లి సంగతులు కొన్ని చెప్పింది. అతను విన్నాడు. తర్వాత, ఆఫ్రా ఆ రోజు ఇంటికి ఎన్నింటికి వెళ్ళిందండీ, బస్సులో కూర్చున్నాక కూడా అదే ఆలోచించాను అని అడిగింది.

ఏ రోజు అన్నాడు క్విరిన్.

"నేను వెళ్ళే ముందు రోజు. పండుగ నాడు. గిన్నెలు కడిగి, రెండున్నర దాటాక వెళ్తుంటే మెట్ల దగ్గర కనబడింది. కోటు వేసుకుని, సంచీ ఒళ్ళో పెట్టుకుని కింది మెట్టు మీద కూర్చుంది. ఇంకా వెళ్ళలేదేం వదినా అంటే, కాస్త ఆగి వెళ్తాలే అంది. నా గొడుగు మర్చిపోయి మూడున్నరకి మళ్ళీ వచ్చాను. అప్పటికీ అక్కడే ఉంది."

క్విరిన్ కత్తి ఆపాడు. ఏమైనా అందా అని అడిగాడు.

"ఏమీ అనలేదండీ" అంది లుబిత్సా. "పైన మీరు నడుస్తున్న చప్పుడు వినబడుతోంది. అది ఆగినప్పుడల్లా లేచి నిలబడేది."